పిక్క కోసి కొనే బావ, బస్తా కొనే నేను: ఇండెక్స్ మేలా, విడి షేర్లు మేలా?

పర్లాకిమిడిలో మా బావది జీడిపిక్కల వ్యాపారం. ఎంత తెలిసిన రైతు తెచ్చిన బస్తా అయినా సరే, అడుగుదాకా చెయ్యి దూర్చి గుప్పెడు పిక్కలు తీసి, కత్తితో చీల్చి, పప్పు చూశాకే ధర చెబుతాడు. అంత జాగ్రత్త మనిషీ షేర్లు మాత్రం ఒడియా, తెలుగు కలిపి నడిచే ఓ వాట్సాప్ గ్రూపులో పేరు చూసి కొంటాడు. "ఏటి బావా, పిక్కని కోస్తావు, కంపెనీని కొయ్యవేటి?" అంటే నవ్వేస్తాడు.

నేను బరంపురంలో కూర్చుని నెలనెలా నిఫ్టీ ఇండెక్స్ ఫండులో సిప్ కడతాను. నిఫ్టీ అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ (ఇండెక్స్), ఆ ఫండు కొంటే ఆ యాభై షేర్లూ తలా కొంచెం, బస్తాగా కొన్నట్టే. పండక్కి కలిస్తే ఇదే తగువు.

బావ దారిలో గండం ఏమిటో సత్యం అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చూపించింది. లెక్కల్లో వేల కోట్లు లేనివి ఉన్నట్టు చూపామని 2009 జనవరి 7న దాని అధిపతే ఉత్తరం రాశాడు. ఆ ఒక్కరోజే షేరు ముప్పావు వంతుకు పైగా కరిగిపోయింది. ఆడిటర్ల సంతకాలున్న లెక్కలు కాబట్టి, కోసి చూసినవాళ్ళకీ పుచ్చు కనిపించలేదు. సత్యం అప్పుడు నిఫ్టీలోనూ, అలాంటిదే మరో సూచీ సెన్సెక్స్‌లోనూ ఉంది. ఇండెక్స్ కొన్నవాడికీ దెబ్బ తగిలింది గానీ బస్తాలో ఒక పిక్క పుచ్చినంతే. దాన్ని తీసేసి ఇంకో కంపెనీని పెట్టే పని కూడా అతని మీద పడలేదు.

కానీ వాన పడితే బస్తా మొత్తం తడుస్తుంది. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో 13 శాతం పడింది. భయపడి ఆ వారమే సగం అమ్మేశాను. నవంబరుకల్లా నిఫ్టీ జనవరి నాటి గరిష్ఠాన్నీ దాటేసింది! బావ అమ్మలేదు. తెలివితో కాదట, లాక్‌డౌన్‌లో సరుకు కదలక, ఆ గొడవలో షేర్ల ఊసే మర్చిపోయాడట.

నిఫ్టీలో పేర్లు యాభై ఉన్నా బరువు సమానం కాదు. మూడో వంతు దాకా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలదే. పడ్డ సూచీ ఎప్పుడు లేస్తుందన్న హామీ కూడా లేదు. జపాన్ నిక్కీ 1989 డిసెంబరులో 38,915 తాకింది. ఆ అంకె మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. పాతికేళ్ళవాడు అరవైకి దగ్గరపడేంత కాలం!

పన్ను దగ్గర పేచీ లేదు. ఏడాది దాటాక అమ్మితే రెండిటికీ లెక్క ఒకటే, 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం.

నన్నడిగితే, కోసి చూసే ఓపిక లేనివాడికి ఇండెక్సే మేలు, అదీ పదేళ్ళదాకా ముట్టుకోనక్కర్లేని డబ్బుతోనే. పెళ్ళికీ, ఇంటికీ దాచిన డబ్బుకి రెండూ వద్దు. బావకి కొయ్యడం చేతనవును. ఇన్నాళ్ళూ కత్తి తియ్యలేదు, అంతే.

మొన్న ఫోన్ చేశాడు. ఏదో కంపెనీ వార్షిక నివేదిక ప్రింటు తీయించాడట, రెండొందల పేజీలు. "ఆదివారం రా, కోద్దాం" అన్నాడు.