పళ్ళ వైద్యానికి బుడాపెస్ట్: విహారం రెండో ప్రయాణానికి ఉంచుకోండి

పళ్ళకోసం హంగరీ వెళ్ళొచ్చా అని బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు. మావారికి కింది వైపు దవడపళ్ళకి ఇంప్లాంట్లు బుడాపెస్ట్‌లోనే పెట్టించాం. నేనైతే వెళ్ళమనే చెప్తాను. కాకపోతే సర్జరీనీ సరదాగా తిరగడాన్నీ ఒకే ప్రయాణంలో ఇరికించొద్దు. ఎలాగూ రెండుసార్లు వెళ్ళక తప్పదు కాబట్టి మొదటిసారి వైద్యం మాత్రమే చూసుకుని, ఊళ్ళు చూడటం రెండోసారికి అట్టిపెట్టుకోండి.

రెండుసార్లు ఎందుకంటే, ఇంప్లాంట్ అనేది దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. ఎముక దాన్ని పట్టుకుని గట్టిపడటానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. టైటానియాన్ని ఎముక ఇలా తనలో కలుపుకుంటుందని కనిపెట్టింది స్వీడన్‌కి చెందిన బ్రోన్‌మార్క్ అనే డాక్టరు. 1965లో ఆయన మొదటిసారి మనిషికి ఇలాంటి ఇంప్లాంట్ పెట్టారు. ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఎముక గట్టిపడ్డాకే పైన క్యాప్, అంటే పన్నులా కనిపించే తొడుగు, బిగిస్తారు. అన్నీ ఒక్క ట్రిప్పులోనే అయిపోతాయని ఎవరైనా ఊరిస్తే, మీ ఎముక అందుకు సరిపోతుందో లేదో స్కాన్ చూసి చెప్పారా, చూడకుండానే చెప్పారా అని అడగండి.

బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప ఇంప్లాంట్లు పెట్టరు. ప్రైవేటులో ఇక్కడ చెప్పిన రేటుతో పోలిస్తే, విమానం టిక్కెట్లు, వీసా, బస అన్నీ కలిపినా మాకు దాదాపు సగంలో తేలింది. ఒక్క పన్నే అయితే మాత్రం గిట్టదు. మిగిలేదంతా రెండుసార్ల ప్రయాణ ఖర్చులకే పోతుంది.

క్లినిక్ ఎంపికకే ఎక్కువ టైం పట్టింది. ఎక్స్‌రే పంపితే ఒక చోట నుంచి, బాగున్న పళ్ళకి కూడా క్యాపులు వేసేట్టు పెద్ద ప్లాన్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పన్నుని ఒకసారి అరగదీశాక మళ్ళీ మామూలుగా చేయలేం. దాన్ని అక్కడే వదిలేశాం. చివరికి ఎంచుకున్నవాళ్ళు "త్రీడీ స్కాన్ తీశాకే చెప్తాం, ఇది అంచనా మాత్రమే" అన్నారు. ఆ మాటకే నమ్మకం కుదిరింది. ఏ కంపెనీ స్క్రూ వాడతారు, సర్జరీ చేసే డాక్టరు ఎవరు, కుట్లు కరిగిపోయేవా లేక విప్పించుకోవాలా, ఇవన్నీ బయల్దేరకముందే మెయిల్లో రాయించుకున్నాం. కుట్లు విప్పించుకోవాలంటే వారం పదిరోజులు అక్కడే ఆగాలి, లేదా ఇక్కడ విప్పేవాళ్ళని చూసుకోవాలి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి మరో ముఖ్యమైన విషయం. బ్రిటన్ రెసిడెన్స్ ఉన్నా హంగరీకి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలి. రెండోసారి కూడా వెళ్ళాల్సి ఉంటుంది కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ అడిగి, క్లినిక్ ఇచ్చిన ట్రీట్‌మెంట్ ప్లాన్ జతచేయండి. వీసాకోసం తీసుకునే 30,000 యూరోల ఇన్సూరెన్స్ అత్యవసర వైద్యానికే. మనం కావాలని చేయించుకునే చికిత్సకి, దానివల్ల వచ్చే ఇబ్బందులకి సాధారణంగా వర్తించదు. ఈ డబ్బు మన జేబులోంచే అని ముందే అనుకోవాలి.

మొదటిసారి బస క్లినిక్‌వాళ్ళే చూశారు. ఊరిని రెండుగా చీల్చే డాన్యూబ్ నదికి తూర్పున ఉన్న పెస్ట్ వైపు పాతకాలపు మేడ. మధ్యలో పెద్ద లోగిలి, చుట్టూ ఇనుప కటకటాల వరండా, ఆ వరండాలోకి అన్ని ఇళ్ళ గుమ్మాలూ తెరుచుకుంటాయి. చూడటానికి ఎంత బాగుందో! కానీ మా వాటా పై అంతస్తులో, లిఫ్టు లేదు. సర్జరీ అయిన మనిషి అన్ని మెట్లెక్కడం కష్టం. తల వంచినా, బరువెత్తినా రక్తం కారే ప్రమాదం ఉందని డాక్టర్లే చెప్తారు. ఉచిత బస అని సంబరపడకుండా లిఫ్టు ఉందా, వంటిల్లు ఉందా అని అడగండి. వంటిల్లు ఉండబట్టే మెత్తగా కలిపిన పెరుగన్నం చేసిపెట్టగలిగాను. అక్కడి పుల్ల చెర్రీల చల్లటి సూపు కూడా ఆ రోజుల్లో చాలా ఉపయోగపడింది. స్ట్రాతో మాత్రం ఏదీ తాగకూడదు. ఆ పీల్పుకి గడ్డకట్టిన రక్తం ఊడొస్తుంది. ఆదివారం మందుల షాపులు చాలావరకు మూసే ఉంటాయి కాబట్టి యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు, పుక్కిలించే మందు సర్జరీకి ముందే తెచ్చిపెట్టుకోవాలి.

బుడాపెస్ట్ అంటేనే వేడినీటి స్నానాల ఊరు. సర్జరీ అయిన తొలి రోజుల్లో నిషేధించేదీ అవే. వేడికి రక్తప్రసరణ పెరిగి గాయంలోంచి మళ్ళీ రక్తం కారొచ్చు, వాపు కూడా ఎక్కువవుతుంది. అందుకే ఆ ట్రిప్పులో మేం చూసిందల్లా రెండో నంబరు ట్రాం కిటికీలోంచే. పెస్ట్ వైపు డాన్యూబ్ ఒడ్డున వెళ్తుంది, ఎదురుగా కొండమీద కోట కనిపిస్తుంది. ఒళ్ళు అలవకుండా ఊరంతా చూసినట్టే. అంతకుమించి పెట్టుకోనక్కర్లేదు. పై దవడలో సైనస్ లిఫ్ట్ (ఎముక చాలనప్పుడు సైనస్ అడుగుని పైకెత్తి ఎముక నింపే సర్జరీ) చేయించుకున్నవాళ్ళైతే, విమానం ఎప్పుడెక్కొచ్చో సర్జన్‌ని అడిగాకే టిక్కెట్టు కొనాలి.

రెండో ప్రయాణం పూర్తిగా వేరు. మొదటి రోజు నోరు స్కాన్ చేసి కొలతలు తీసుకుంటారు. ల్యాబులో క్యాపులు తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటికి గాయం ఉండదు, మందులుండవు. ఈ ఖాళీ రోజులే అసలైన సెలవులు.

సేచేని స్నానశాల పేరు అందరూ చెప్తారు. 1913లో కట్టిన పసుపురంగు భవనం, బయట ఆవిర్లు కక్కే పెద్ద కొలనులు, నీళ్ళలో నిలబడి చదరంగం ఆడే ముసలివాళ్ళు. చూసి తీరాల్సిందే కానీ రద్దీ చాలా ఎక్కువ. నాకు రూడాష్ నచ్చింది. 16వ శతాబ్దంలో తురుష్కులు కట్టిన గుమ్మటం కింద ఎనిమిది కోణాల కొలను, మూలల్లో తొట్టెలు, ఒక్కో తొట్టెలో ఒక్కో వేడి. గుమ్మటానికి ఉన్న చిన్న చిన్న కంతల్లోంచి వెలుగు సన్నటి గీతల్లా నీళ్ళమీద పడుతుంటే, ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఇంకో నాలుగు రోజులు దొరికితే హేవీజ్ వెళ్ళండి. బుడాపెస్ట్ నుంచి రైల్లో బాలటోన్ సరస్సు ఒడ్డున ఉన్న కెస్ట్‌హెయ్ దాకా వెళ్ళి, అక్కడ బస్సెక్కితే కాసేపట్లో చేరిపోతాం. సుమారు 4.4 హెక్టార్ల వేడినీటి సరస్సు, ఎండాకాలంలో 33 నుంచి 35 డిగ్రీలుంటుంది. అడుగున ఊట ఉండటంతో నీళ్ళు మూడు రోజుల్లో మారిపోతాయి. లోతు ఎక్కువ, ఈత రానివాళ్ళు గాలి ట్యూబు తీసుకుని కలువల మధ్య తేలుతూ ఉంటారు. కీళ్ళ నొప్పులకని వారాల తరబడి ఉండే పెద్దవాళ్ళకోసం నడిచే హోటళ్ళే ఎక్కువ కాబట్టి లిఫ్టు, ర్యాంపు, వేళకి మెత్తటి భోజనం అన్నీ అమరి ఉంటాయి. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళడానికి బుడాపెస్ట్ కంటే ఇదే సుఖం.

ఆస్ట్రియా సరిహద్దులో మోషోన్‌మాద్యారోవార్ అని చిన్న ఊరుంది, వీధివీధికీ డెంటిస్టులే. వియన్నా నుంచి దగ్గర. వైద్యం ఒక్కటే చాలనుకుంటే అది సరిపోతుంది, సెలవులకి మాత్రం కాదు.

గ్యారంటీ కాగితం జాగ్రత్తగా చదవండి. ఏటా వాళ్ళ దగ్గరే చెకప్ చేయించుకుంటేనే చెల్లుతుందని చాలామంది రాస్తారు. అంటే ప్రతి ఏడూ విమానం ఖర్చు. దాన్ని కలిపి లెక్కేయకుండా చవక అనుకోలేం. అలాగే వేరే దేశంలో పెట్టిన ఇంప్లాంట్‌ని ముట్టుకోవడానికి ఇక్కడి డెంటిస్టులు కొందరు ఇష్టపడరు. బయల్దేరేముందే మా డెంటిస్టుని అడిగాం. "ఏ కంపెనీదో, ఏ సైజో తెలిస్తే చూస్తాను" అన్నారావిడ. క్లినిక్‌లో ఇచ్చిన చిన్న అట్టమీద స్క్రూ కంపెనీ పేరు, వెడల్పు, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు అతికించి ఉన్నాయి. దాన్నీ స్కాన్ ఫైల్‌నీ ఆవిడకి ఇచ్చేశాం. ఆరునెలలకోసారి చిగుళ్ళ శుభ్రం ఆవిడ దగ్గరే జరుగుతోంది.