తోలు హోల్‌స్టరా, కైడెక్స్ హోల్‌స్టరా?

ఒంగోలులో మే నెల ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉక్కలో పిస్టల్ నడుముకు కట్టుకుని రోజంతా డ్యూటీ చేసేవాళ్లకు హోల్‌స్టర్లు, అంటే పిస్టల్ పెట్టుకునే ఒరలు, తయారు చేయడం నా పని.

తోలుది ఒంటికి హాయిగా ఉంటుంది. కొత్తలో బిగుతుగా ఉన్నా, వాడేకొద్దీ నడుము వంపుకు సర్దుకుంటుంది. కానీ చెమట తాగుతుంది. మొన్న ఒకాయన తెచ్చిన పాతది చూస్తే లోపలి అంచున తెల్లటి ఉప్పు చారలు, పిస్టల్ స్లయిడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే లోహపు భాగం) మీద సరిగ్గా అక్కడే తుప్పు చుక్కలు. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. మెత్తబడిన హోల్‌స్టర్ నోరు లోపలికి మడత పడితే, పిస్టల్ దించేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్‌ను నొక్కేయొచ్చు. అలాంటిది ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పడేయాల్సిందే.

కైడెక్స్ అంటే వేడికి మెత్తబడే ప్లాస్టిక్ షీటు. పిస్టల్ నమూనా మీద ఒత్తి ఆకారం తెస్తాం. చెమట పీల్చదు, తుడిస్తే చాలు. అసలు సుఖం సర్దుబాటులో ఉంది. రబ్బరు వాషర్ ఉన్న స్క్రూను పావు చుట్టు తిప్పితే పిస్టల్ మీద పట్టు మారుతుంది. బెల్టుకు తగిలించే క్లిప్పు రంధ్రం మారిస్తే ఎత్తు, వాలు మారతాయి. జీపులో కూర్చుంటే పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటోందా, హోల్‌స్టర్‌ను ఒక రంధ్రం కిందికి దించి చూడండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి, వంకర పోవచ్చు.

నా ఓటు కైడెక్స్‌కే. ఒంటికి తగిలే వైపు పల్చటి తోలు పలక వేస్తే ఒరిపిడి ఉండదు. కొలతకు వచ్చేటప్పుడు తూటాలు తీసేసి, రోజూ కట్టే బెల్టుతోనే రండి.