తిరిగివచ్చిన శాస్త్రజ్ఞుడు: విశ్వవిద్యాలయంలో ఉంటే మేలా, ప్రత్యేక సంస్థలో ఉంటే మేలా?

విదేశాల్లో పరిశోధన నేర్చి వచ్చినవారిని విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా నియమించాలా, లేక పాఠాల భారం లేని ప్రత్యేక పరిశోధన సంస్థలో కూర్చోబెట్టాలా అన్నది మన దేశంలో పాత ప్రశ్న. రెండు దారుల్లోనూ నడిచి చూపినవారున్నారు.

రసాయన శాస్త్రజ్ఞుడు టి.ఆర్. శేషాద్రి ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో రసాయన శాస్త్రాచార్యుడు రాబర్ట్ రాబిన్సన్ వద్ద డాక్టరేట్ పొంది వచ్చి, 1933లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. ఆయన పరిశోధనకు ముడిసరుకు మన చేలల్లోనే దొరికింది. పత్తి పూలరేకుల్లోని పసుపు రంగు పదార్థాలను, వాటిని కరిగించే ద్రవంతో రాబట్టి, శుద్ధిచేసి, వాటి అణునిర్మాణాన్ని తేల్చే విద్యను అక్కడి విద్యార్థులు గురువు పక్కన నిలబడి, తమ చేతులతో చేసి నేర్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసివచ్చినా ఆ పరంపర తెగలేదు. 1949లో ఆయన ఢిల్లీ వెళ్లిపోయారు. ఒక్క వ్యక్తి మీద ఆధారపడిన శాఖకు అది పెద్ద దెబ్బే కావలసింది. అయితే ఎల్. రామచంద్రరావు వంటి శిష్యులు వాల్తేరులో ఆ పరిశోధనను కొనసాగించారు. నా దృష్టిలో ఈ మార్గానికున్న అసలు బలం ఇదే.

భౌతిక శాస్త్రజ్ఞుడు హోమీ భాభా దారి వేరు. 1939లో కేంబ్రిడ్జి నుంచి సెలవులకు వచ్చిన ఆయన యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి, 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను నెలకొల్పారు. జవాబుపత్రాలు దిద్దే పని లేకుండా, నిధుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడకుండా, పెద్ద పరికరాలతో పనిచేయగల వీలు అక్కడ కలిగింది. యూరప్‌లో పనిచేసి వచ్చి అలహాబాద్ విశ్వవిద్యాలయంలో పదిహేనేళ్లు బోధించిన భౌతిక శాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా మాత్రం అణుపరిశోధనను విశ్వవిద్యాలయాల నుంచి విడదీయవద్దని వాదించారు. ఆయన వాదన నాకు సబబుగా తోస్తుంది, ఎందుకంటే ప్రత్యేక సంస్థలకు వెళ్లే యువకులను తయారుచేయవలసింది ఆ విశ్వవిద్యాలయాలే.

2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ వజ్ర పథకం విదేశాల్లోని శాస్త్రజ్ఞులకు ఏడాదికి ఒకటి నుంచి మూడు నెలలు ఇక్కడ పనిచేసే వీలు కల్పించింది. పరిచయాలకు అది మంచిదే కానీ, పరిశోధక విద్యార్థికి ఏడాది పొడవునా తలుపు తట్టగల గురువు కావాలి.

కాబట్టి విశ్వవిద్యాలయం బాగుపడటమే గురి అయితే శేషాద్రి దారే మేలు. కొత్త అధ్యాపకుడికి చేరిన రోజే ప్రయోగశాల గది, ప్రారంభ నిధులు చేతికివ్వాలి. అణుకణాల వేగాన్ని పెంచే త్వరణ యంత్రాల వంటి భారీ పరికరాలకు ప్రత్యేక సంస్థలు తప్పవు. అక్కడివారికి కూడా సమీప విశ్వవిద్యాలయంలో వారానికి ఒక తరగతైనా అప్పగించాలి.