సోయా ప్రొటీన్ కాన్సంట్రేట్: ఫిష్ మీల్‌కు బదులు వాడదగ్గ సరుకేనా?

చేపల మేతలో ఫిష్ మీల్ (ఎండబెట్టి పొడి చేసిన చేప) స్థానంలో వాడే సరుకు ఇది. ప్రొటీన్ శాతం ఒక్కటే చూస్తే దీనికి వంక పెట్టడానికి లేదు. మామూలు సోయా చెక్కలో (నూనె తీశాక మిగిలే పిండిలో) 44–48 శాతం ఉంటే, ఇందులో 60–65 దాకా ఉంటుంది. మధ్యరకం ఫిష్ మీల్‌కు దీటే. అలాగని కిలోకి కిలో మార్చేసి మిక్సర్ తిప్పితే మేత చెడిపోయినట్టే.

చెక్క కన్నా దీనికి ఎక్కువ ధర పెట్టేది ఆల్కహాల్‌తో కడిగినందుకు. చేపకు అరగని రాఫినోజ్, స్టాకియోజ్ చక్కెరలు, వాటితోపాటు సాపోనిన్లనే చేదు పదార్థాలు చాలావరకు అందులో పోతాయి. చెక్క ఎక్కువైతే సాల్మన్‌కు చివరి పేగు వాస్తుంది. కాన్సంట్రేట్‌తో ఆ బెడద బాగా తగ్గుతుంది. గింజలోని ఫాస్ఫరస్‌ను చేపకు అందకుండా పట్టి ఉంచే ఫైటేట్ మాత్రం ఆ కడుగుకు లొంగదు.

టన్ను మేతలో 100 కిలోల ఫిష్ మీల్ తీసి అంతే కాన్సంట్రేట్ వేస్తే, ఆ వాటాలో మిథియోనిన్ (చేపకు తప్పనిసరి అయిన ఒక అమైనో ఆమ్లం) సుమారు 1.8 కిలోల నుంచి 0.9కి పడిపోతుంది. అంటే డీఎల్-మిథియోనిన్ దాదాపు ఒక కిలో విడిగా కలపాలి. ఫాస్ఫరస్ లోటు ఇంకా పెద్దది. ఫిష్ మీల్‌తో వచ్చే రెండున్నర కిలోలు పోతాయి. బదులుగా వచ్చే 0.8 కిలోలో మూడింట రెండొంతులు ఫైటేట్‌లోనే చిక్కుకుని ఉంటుంది. పొట్ట (ఆమ్లం ఊరే జీర్ణాశయం) ఉన్న చేపలకైతే మోనోకాల్షియం ఫాస్ఫేట్ పది కిలోల దాకా పట్టవచ్చు. చౌక కదా అని డైకాల్షియం ఫాస్ఫేట్ పోస్తే కార్పు జాతులకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. వాటికి పొట్టే లేదు, ఆమ్లం లేనిదే అది సరిగా కరగదు, చివరికి చెరువు అడుగున చేరుతుంది. ఫైటేట్‌ను విడగొట్టే ఫైటేజ్ అనే ఎంజైమ్ వాడేవాళ్లు దాన్ని పిండిలో కలపకండి, పెల్లెట్లు చేసే ఎక్స్‌ట్రూడర్ యంత్రం వేడికి చచ్చిపోతుంది. పెల్లెట్ ఆరి చల్లబడ్డాక ద్రవరూపంలో చల్లాలి.

అసలు గొడవ రుచితో. మాంసాహార చేప పెల్లెట్‌ను నోట్లోకి తీసుకుని, ఒక క్షణం ఆగి, ఉమ్మేస్తుంది. పైనుంచి చూస్తే తిన్నట్టే ఉంటుంది, అడుగున మేత పేరుకుంటుంది. స్క్విడ్ మీల్ గానీ క్రిల్ మీల్ గానీ 2–3 శాతం వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. చేపకు కావలసిన టారిన్ అనే పోషకం సోయాలో దాదాపు లేదు. అది చాలకే ఎల్లోటెయిల్ అనే మాంసాహార సముద్రచేపలో కాలేయం ఆకుపచ్చగా మారుతుంది. ఆ 100 కిలోల ఫిష్ మీల్‌తోపాటు పోయే 8–10 కిలోల చేపనూనెను కూడా లెక్కలో మరిచిపోతుంటారు.

సంచి విప్పగానే రంగు చూడండి. లేత మీగడ రంగులో ఉండాలి. ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తుంటే వేడి ఎక్కువైందన్నమాట. ప్రొటీన్ శాతం కాగితం మీద సరిగ్గానే ఉన్నా అందులోని లైసిన్ అనే అమైనో ఆమ్లం చేపకు సరిగా అందదు.

తిలాపియాకు, కార్పుకు ఇది దండగ ఖర్చు, బాగా వేయించిన చెక్క చాలు. మాంసాహార చేపలకైతే పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. చేపపిల్లల మేతలో మాత్రం ఫిష్ మీల్ పూర్తిగా తీసేయొద్దు. పెద్దవాటికైనా పాత మేతలో పావు వంతు కొత్త మేత కలపడంతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో మార్చాలి.