ఆత్మకూరు దగ్గరి చేపపిల్లల హేచరీలో ఆరు వారాల సంరక్షణ ఇంటర్న్‌షిప్: ఒక విద్యార్థి సమీక్ష

నెల్లూరు జిల్లా ఆత్మకూరు నుంచి సోమశిలకు వెళ్లే దారికి కొంత లోపలగా ఉన్న ఒక ప్రైవేటు హేచరీలో (చేపగుడ్లను పొదిగించి పిల్లలను తీసే కేంద్రంలో), మత్స్యశాస్త్రం చదివే విద్యార్థులకు ఇచ్చే ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌ను నేను జులై, ఆగస్టు నెలల్లో పూర్తి చేశాను. ప్రకటనలో దానికి ‘మత్స్య సంరక్షణ ఇంటర్న్‌షిప్’ అని పేరు పెట్టారు. హేచరీ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క చోటికే పరిమితమైనవని అనుకోను. ఏ హేచరీకి వెళ్లదలచుకున్న విద్యార్థి అయినా ముందుగా అడిగి తెలుసుకోవలసిన సంగతులు ఇందులో ఉన్నాయి.

చేపల చేత గుడ్లు పెట్టించే పని నేర్పడంలో ఆ హేచరీకి నేను పూర్తి మార్కులు వేస్తాను. నాలుగు గోడల మధ్య రెండేళ్లు చదివినా అర్థం కాని విషయాలు మొదటి నాలుగు రోజుల్లో చేతికి తెలిశాయి. తల్లిచేపల (పిల్లల కోసం ఉంచిన ఆడ, మగ చేపల) చెరువులో సాయంత్రం ఐదు గంటలకు వల లాగి, బొచ్చె, రోహు, మ్రిగాల చేపల్లో పక్వానికి వచ్చినవాటిని ఏరుతారు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న ఒక పెద్దాయన నా వేలు పట్టుకుని మగచేప ఛాతీ రెక్క లోపలివైపు రుద్దించారు. అది ఉప్పుకాగితంలా గరుకుగా తగిలింది. ఆడచేప రెక్క అదే చోట నున్నగా ఉంది. పొట్ట మెత్తగా ఉబ్బి, గుద ద్వారం ఎర్రబారి ఉంటే ఆ ఆడచేప సిద్ధమైనట్లు. పొట్ట మీద కొద్దిగా ఒత్తగానే పాలలాంటి వీర్యం వస్తే ఆ మగచేప సిద్ధమైనట్లు. నేను కంగారుగా ఒక చేపను తోక దగ్గర పట్టి ఎత్తబోతే ఆయన ఆపి, “అబ్బయ్యా, గుంజగూడదు. బిడ్డను ఎత్తుకున్న మాదిరి రెండు చేతుల మీద పెట్టుకోవాల” అన్నారు. ఆ తరువాత ఆరు వారాల్లో నా చేతిలో ఒక్క తల్లిచేప కూడా గాయపడలేదు.

గుడ్లు పెట్టించడానికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది సాల్మన్ చేప హార్మోనును పోలిన పదార్థాన్ని డాంపెరిడోన్ అనే మరో మందుతో కలిపి తయారు చేసిన మందు. ఆడచేపకు జాతిని బట్టి కిలో బరువుకు 0.25 నుంచి 0.5 మిల్లీలీటర్లు, మగచేపకు అందులో సగం వరకు, ఒకే సూదితో సరిపోతుంది. ఇది రాకముందు వేరే చేపల తలలోంచి పీయూష గ్రంథిని (మెదడు కింద ఉండే హార్మోన్ల గ్రంథిని) తీసి, నూరి, ఆరు గంటల ఎడంతో రెండుసార్లు ఎక్కించేవారు. మన దేశంలో ఆ పద్ధతిలో కార్పు జాతి (రోహు, మ్రిగాల వంటి) చేపల చేత తొలిసారి విజయవంతంగా గుడ్లు పెట్టించినది 1957 జులై 10న, హీరాలాల్ చౌధురి గారి చేతుల మీదుగా. అందుకే ఆ తేదీని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఈసారి ఆ దినోత్సవం నాడు మేము తొట్టి దగ్గరే ఉన్నాం. సభ, ఉపన్యాసం ఏమీ జరగలేదు కానీ, పెద్దాయన ఆ రోజు మొదటి సూదిని నా చేత వేయించారు.

నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం మాత్రం అంతకు ముందే. అందుచేత గుండ్రటి తొట్టిలో నీటిని చుట్టూ తిప్పుతూ, పైనుంచి జల్లు కురిపించి, వాగుకు కొత్త నీరు వచ్చిందన్న భ్రమను చేపకు కలిగిస్తారు. తెల్లవారుజామున మగచేపలు ఆడచేపల వెంట పడి నీటిని చిందరవందర చేసే ఆ చప్పుడు ఒకసారి విన్నవారు మరిచిపోలేరు. గుడ్లు నీటిలో పడ్డ తరువాత ఉబ్బి, ఉడికిన సగ్గుబియ్యంలా మెరుస్తాయి. తెల్లటి పింగాణీ గిన్నెలో కొన్నింటిని తీసి చూస్తే ఫలించినవి పారదర్శకంగానూ, ఫలించనివి సున్నపు చుక్కల్లానూ కనిపిస్తాయి. పొదిగే తొట్టిలో 14 నుంచి 18 గంటల్లో పిల్ల బయటికి వస్తుంది; పొట్ట కింది సొన సంచి కరిగి సొంతంగా మేత తినడానికి మరో మూడు రోజులు పడుతుంది.

నా మొదటి ఫిర్యాదు ఈ పొదిగే తొట్టి గురించే. మూడో వారంలో ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటరులో డీజిలు లేదు. పై ట్యాంకులో నీరు సగానికి తక్కువగా ఉంది. గుడ్లు నిరంతరం తిరుగుతూ ఉంటేనే ఊపిరి. నీటి ప్రవాహం ఆగితే అడుగున పేరుకుని చచ్చిపోతాయి. కాపలా మనిషీ నేనూ బకెట్లతో నీళ్లు పోసి కలుపుతూ నిలబడ్డాం గానీ, కరెంటు వచ్చేసరికి ఆ తొట్టిలో చాలా భాగం తెల్లబారిపోయింది. యంత్రం ఆగిపోవడం ఎక్కడైనా జరుగుతుంది. దాన్ని నేను తప్పు పట్టను. మరునాడు ఉత్పత్తి రిజిస్టరులో ఆ తొట్టి ఎదురుగా ‘గుడ్లు సరిగా ఫలించలేదు’ అని రాశారు. ఆ మాట నన్ను చాలా బాధించింది. గుడ్లు బాగానే ఫలించాయి. గిన్నెలో లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకున్నది నేనే. ఆ రాతను నమ్మి, వచ్చే ఏడాది ఎవరో ఆ తల్లిచేపను పనికిరానిదిగా పక్కన పెట్టవచ్చు. ఈ విషయం యజమానికి నేరుగా చెప్పాను. ఆయన విన్నారు, డీజిలు బాధ్యతను ఒక మనిషికి అప్పగించారు. రిజిస్టరులో మాత్రం మార్పు చేయలేదు.

ఇక ‘సంరక్షణ’ అన్న పేరు. ఈ హేచరీ ఉత్పత్తిలో దాదాపు అంతా బొచ్చె, రోహు, మ్రిగాలే. ఇవి పుట్టుకతో గంగా పరీవాహకపు చేపలు. మన రైతుకు ఆదాయం ఇచ్చేవి, మన చెరువుల్లో బాగా పెరిగేవి. వాటిని పెంచడంలో తప్పేమీ లేదు. అయితే వాటి పిల్లలను పెన్నా మీది జలాశయంలో వదలడాన్ని పెన్నానది చేపల సంరక్షణ అని పిలవడం సరికాదు. పైగా ఒకరోజు తొందరలో రోహు, మ్రిగాల తల్లిచేపలను ఒకే తొట్టిలో వదిలారు. ఈ చేపల్లో గుడ్డు ఫలించేది నీటిలోనే కనుక, ఒక జాతి వీర్యం మరో జాతి గుడ్డుకు చేరడానికి అడ్డేమీ ఉండదు. పుట్టిన సంకర పిల్లలు చిన్నప్పుడు చూడటానికి అసలు జాతి పిల్లల్లాగే ఉంటాయి. చెరువులో అయితే ఏడాదిలో పట్టి అమ్మేస్తారు. సోమశిల లాంటి జలాశయంలోకి వెళ్లినవాటిని వెనక్కి తెచ్చే దారి లేదు. విత్తనం (అంటే పెంపకానికి అమ్మే చేపపిల్లల) నాణ్యత కోసమే మన రాష్ట్రంలో 2006లో ప్రత్యేక చట్టం చేశారు. దానిని గోడకు తగిలించే లైసెన్సు కాగితంగా చూడకుండా, తొట్టి దగ్గర పాటించాలని నా మనవి.

అక్కడి తల్లిచేపల్లో చాలా వరకు అదే హేచరీలో పుట్టినవే. ఒకే కుటుంబపు చేపలను తరతరాలుగా కలుపుతూ పోతే ఎదుగుదల తగ్గుతుందని అందరికీ తెలుసు, అయినా ఏ చేప ఏ తల్లికి పుట్టిందో అక్కడ ఎవరూ చెప్పలేరు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, వివిధ నదుల నుంచి తెచ్చిన రోహు చేపలను కలిపి, ప్రతి కుటుంబాన్ని విడిగా గుర్తుపెట్టి, 1997లో జయంతి రోహును రైతులకు ఇచ్చింది. అది తరానికి దాదాపు 17 శాతం ఎక్కువ పెరుగుదల చూపిందంటే, ఆ ఓపిక గల నమోదుకు అందులో పెద్ద వాటా ఉంది.

ఇంత చెప్పాక కూడా ఈ ఇంటర్న్‌షిప్‌ను సిఫారసు చేస్తున్నానంటే, దానికి కారణం మూల మీద ఉన్న ఒక చిన్న సిమెంటు తొట్టి. అందులో నలభై వరకు ఫింబ్రియేటస్ చేపలు ఉన్నాయి. పెదవుల అంచున కుచ్చులున్న ఈ చేప మన దక్షిణాది నదులది. ఒక జాలరి పెన్నా నుంచి ప్రాణంతో తెచ్చి ఇచ్చినవాటిని యజమాని అమ్మకుండా ఉంచారు. లాభం లేని ఆ పని ఎందుకు చేస్తున్నారని అడిగితే, “మా నాయన కాలంలో ఇవే ఎక్కువగా పడేవి” అని మాత్రం అన్నారు. నాలుగో వారం నుంచి ఆ తొట్టి నాకు అప్పగించారు. చేప ఒంట్లో పెట్టే గుర్తింపు చిప్‌లు కొనే స్తోమత లేదు కనుక, రెక్క అంచును ఒక్కో చేపకు ఒక్కో చోట కొద్దిగా కత్తిరించి గుర్తు పెట్టుకున్నాను. కత్తిరించిన అంచు మళ్లీ పెరుగుతుంది కనుక ఈ గుర్తు ఒక్క సీజనుకే. బరువు, వచ్చిన చోటు, సూది మోతాదు, పెట్టిన గుడ్లు, ఫలించినవి, ఇలా ఒక్కో తల్లికి ఒక్కో పేజీ. ఐదో వారంలో ఆరు తల్లులకు సూది వేస్తే నాలుగు గుడ్లు పెట్టాయి. పిల్లలు తక్కువే, కానీ ఏది ఎవరి బిడ్డో రాతపూర్వకంగా ఉన్న పిల్లలు ఆ హేచరీలో అవి మాత్రమే.

వసతి గురించి క్లుప్తంగా: భోజనం బాగుంటుంది, జీతం లేదు, దోమతెర మనమే తెచ్చుకోవాలి. రబ్బరు చెప్పులు తొట్టి గట్ల మీద జారతాయి కనుక పట్టున్న బూట్లు అవసరం. ఆడపిల్లలకు విడి గది, విడి స్నానాల గది లేవు. ఈ ఒక్క కారణంగా నా సహాధ్యాయిని రెండో వారంలోనే వెళ్లిపోవలసి వచ్చింది. విద్యార్థులను పిలిచే సంస్థ ఇది సరిచేయకుండా మరో బృందాన్ని తీసుకోకూడదు.

వెళ్లేవారు చేరిన రోజే తల్లిచేపల రిజిస్టరు చూపించమని అడగండి, ఫింబ్రియేటస్ తొట్టి పని మొదటి వారం నుంచే కావాలని చెప్పండి. నా నోటు పుస్తకం నకలు ఆఫీసు గదిలో పంపు స్విచ్చు పక్క అలమారాలో, నీలం అట్టతో ఉంది. జులై మొదట్లో చేరితే సూదుల పని, పొదిగే పని రెండూ దొరుకుతాయి. ఆగస్టు మధ్యలో వస్తే చేపపిల్లలను ఆక్సిజన్ సంచుల్లో ప్యాక్ చేసే పనే మిగులుతుంది.