కారు లేకుండా ఫ్రాన్స్: ఊరూరా హోటలా, ఒకేచోట మకామా?

పారిస్, లియాన్, అవిన్యాన్, మార్సెయ్ అంటూ ఊరూరా హోటల్ మారితే వెళ్లిన దారినే మళ్లీ రావక్కర్లేదు. పారిస్ నుంచి లియాన్‌కు టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో సుమారు 2 గంటలే. కానీ పిల్లలతో రోజు విడిచి రోజు పెట్టెలు సర్దడం, గది ఇచ్చేదాకా ఎండలో సామాను మోయడం ప్రాణం మీదికొస్తుంది. టీజీవీ టికెట్ల ధరలు కూడా బుకింగ్ ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంటాయి.

నేనైతే దక్షిణ ఫ్రాన్స్‌లోని అవిన్యాన్‌లోనే ఐదు రాత్రులు ఉండమంటాను. పొద్దున్నే నీళ్ల సీసాలు, టోపీలు పట్టుకుని టీఈఆర్ అనే ప్రాంతీయ రైలెక్కితే ఆర్ల్ ఊరికి దాదాపు 20 నిమిషాలు. అక్కడ రోమన్ల నాటి అండాకారపు రాతి అరీనా చూసి, ఎండ ముదిరేసరికి గదికొచ్చి పిల్లల్ని పడుకోబెట్టొచ్చు. దగ్గర్లోని నీమ్ ఊరికీ అంతే సులువు. టీఈఆర్‌లో సీటు రిజర్వేషన్ టెన్షన్ లేదు. జులైలో నాటకోత్సవం ఉంటుంది కాబట్టి గది మాత్రం ముందే పట్టుకోండి. టీజీవీ స్టేషన్ ఊరి బయట ఉంటుంది, అందుకే కోటగోడ పక్కనున్న సెంటర్ స్టేషన్ దగ్గరే గది చూసుకోండి.