మోకీలు మార్పిడి తర్వాత కుట్ల దగ్గర పుండు: చీము పట్టిందా, పయోడెర్మానా?

ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే కుట్లు ఎర్రబడి, జ్వరం వస్తే అందరూ ఇన్ఫెక్షనే అంటారు. చాలాసార్లు అదే. అరుదుగా పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అవుతుంది. పేరు చూసి బెదరకండి, గ్యాంగ్రీన్ కాదు, అంటుకోదు. ఒంటి రోగనిరోధక వ్యవస్థే చర్మం మీద తిరగబడటం.

అంచు: ఇన్ఫెక్షన్‌లో ఎరుపు, వేడి. పయోడెర్మాలో వంకాయ రంగు, అంచు కింద డొల్ల. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి.

రక్తపరీక్ష: తెల్లకణాలు, సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే ప్రోటీన్) రెండు జబ్బుల్లోనూ పెరుగుతాయి. దీంతో తేలదు.

కల్చర్ (నమూనాలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష): ఇన్ఫెక్షన్‌లో సాధారణంగా క్రిమి దొరుకుతుంది. పయోడెర్మాలో దొరకదు, కానీ పుండు పైన చేరిన క్రిములు దారి తప్పించగలవు.

కత్తి: అసలు తేడా ఇక్కడే. ఇన్ఫెక్షన్‌ను కోసి కడిగితే తగ్గుతుంది. పయోడెర్మాను కోసిన కొద్దీ పుండు పాకుతుంది.

ఖర్చు: పయోడెర్మాకు వాడే స్టెరాయిడ్ మాత్రలు చవక, పదేపదే ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లడం చవక కాదు. అలాగని తొందరపడితే, నిజమైన ఇన్ఫెక్షన్ స్టెరాయిడ్‌తో ముదురుతుంది.

కీలు నీటిలో క్రిమి తేలితే యాంటీబయాటిక్, శుభ్రం చేయడం. కల్చర్లు ఖాళీగా వస్తూ, కడిగాక పుండు ఇంకా పెరిగితే, పైగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్ల జబ్బు) లేదా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంటే, మళ్లీ కోయకముందే చర్మవైద్యుణ్ణి పిలిపించమని అడగండి.